గేటు బయట ధర్నా, లోపల కుర్చీ

2020 మే 9న విశాఖలో గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం వాసులు, స్టైరిన్ ఆవిరి లీకై చనిపోయిన తమవాళ్ల మృతదేహాలను ఎల్జీ పాలిమర్స్ గేటు ముందు పెట్టి బైఠాయించారు. అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ లోపల పరిశీలనలో ఉన్నారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం అప్పటికే ప్రకటించేశారు. జనం దానికోసం రాలేదు. ఫ్యాక్టరీని ఇక్కణ్నుంచి ఎత్తేయమన్నారు. పోలీసులు చెదరగొట్టారు. అయినా ఆ నెలలోనే సుమారు 13,000 టన్నుల స్టైరిన్ ఓడలెక్కి దక్షిణ కొరియాకు తిరిగి వెళ్లింది, ప్లాంటు మళ్లీ నడవలేదు. విశాఖ పారిశ్రామిక చరిత్రలో ఊరు గెలిచిన సందర్భాలు అరుదు. ఇది అలాంటిదే, కాకపోతే పన్నెండు మంది ప్రాణాలు పోయాక.

ఆ ప్రమాదంపై విచారించిన నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని హైపవర్ కమిటీ తేల్చిన విషయాల్లో ఒకటి ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ప్లాంటులో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుంది, ఒక్కచోటా ఎవరూ మోగించలేదు. ఊరు మేల్కొన్నది ఘాటు వాసనకు, వీధిలో పడిపోతున్న మనుషుల కేకలకు. స్టైరిన్ త్వరగా అంటుకునే ద్రవం. ఆ ఆవిరి ఇళ్లమీద పరుచుకున్న వేళ అంటుకోకపోవడం ఉత్త అదృష్టం. ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి తన దగ్గర లేదని ఆ కంపెనీ 2019లోనే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఆ సంగతి ప్రహరీ అవతల ఉన్నవాళ్లకు మాత్రం ప్రమాదం తర్వాతే పత్రికల్లో తెలిసింది.

నిప్పు అన్నిసార్లూ అలా కనికరించలేదు. 1997 సెప్టెంబర్ 14 ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై పేలినప్పుడు సుమారు 60 మంది చనిపోయారు. 2016 ఏప్రిల్‌లో దువ్వాడ సెజ్‌లో బయోమాక్స్ బయోడీజిల్ ట్యాంకులు అంటుకుంటే ఆర్పడానికి నౌకాదళం కూడా దిగాల్సి వచ్చింది. అచ్యుతాపురం సెజ్‌లో 2023 జూన్ 30న సాహితి ఫార్మా, 2024 ఆగస్టు 21న ఎసెన్షియా. ఎసెన్షియాలో పై అంతస్తు నుంచి కింది ట్యాంకుకు పంపుతున్న ఎంటీబీఈ అనే సాల్వెంట్ పైపులోంచి కారింది. ఆవిరి విద్యుత్ ప్యానెళ్ల దాకా చేరి భగ్గుమంది, పేలుడు ధాటికి గోడలు కూలాయి. భోజనాల వేళ 17 మంది పోయారు.

వెంకటాపురంలో పోయినవాళ్లు ఊరివాళ్లు, కాబట్టి ఊరు గేటు ముందుకొచ్చింది. అచ్యుతాపురంలో పోయినవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఉద్యోగానికొచ్చిన పిల్లలు. వాళ్లకోసం అక్కడ కూర్చునే ఊరు లేదు. వాళ్ల కుటుంబాల ఆక్రోశం విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి మార్చురీ దగ్గర మొదలై పరిహారం దగ్గర ఆగిపోయింది. బతికున్న తోటి కార్మికుడు నోరెత్తుదామంటే కాంట్రాక్టర్ కింద మనిషి, మర్నాడు గేటు పాస్ ఉండదు. చుట్టుపక్కల ఊళ్లదీ ఇరకాటమే. గదులు అద్దెకిచ్చేదీ, మెస్‌లు నడిపేదీ, షిఫ్టులకు ఆటోలు తిప్పేదీ వాళ్లే. భూమి పోగొట్టుకున్న ఇంటికి దక్కింది మహా అయితే హెల్పర్ ఉద్యోగం, అదీ ఆ గేటు లోపలే. మూసేయమని ఏ నోటితో అంటారు? పరవాడ ఫార్మా సిటీని ఆనుకుని ఉన్న తాడి గ్రామస్థులు ఏళ్ల తరబడి అడుగుతున్నది తమనే ఇంకోచోటికి తరలించమని.

మూసివేతకూ తరలింపుకూ మధ్య చట్టం ఇంకో దారి తెరిచి చాలాకాలమైంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమ తన దగ్గరున్న అపాయాలను కార్మికులతో పాటు చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్నారు. 1996 రసాయన ప్రమాదాల నియమాలు ఇంకా ముందుకెళ్లి, ఇలాంటి పారిశ్రామిక ప్రాంతాలకు స్థానిక సంక్షోభ బృందాలు ఉండాలన్నాయి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్, అగ్నిమాపక అధికారి, పోలీసులతో పాటు సర్పంచి లేదా ఊరి పెద్ద, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, డాక్టర్లు అందులో సభ్యులు. స్థానిక పత్రిక సంపాదకుడికీ చోటుంది (ఎందరు వెళ్లారని అడగకపోవడమే మర్యాద). బృందం నెలకోసారి కూర్చోవాలి, ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్ జరిపి జిల్లా బృందానికి నివేదిక పంపాలి. ఎక్స్‌గ్రేషియా అన్న మాట తెలియని ఇల్లు ఈ ఊళ్లలో లేదు. ఈ బృందం పేరు విన్న ఇల్లు దొరకడమే కష్టం.

సర్పంచిని గేటుకు దూరం చేసిన ఏర్పాట్లు వేరే ఉన్నాయి. ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) ఎస్టేట్లలో పన్ను వసూలు, ప్లాన్ అనుమతుల వంటి పంచాయతీ అధికారాలు 'ఐలా' (పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ) చేతికి వెళ్లాయి. పొగ ఊరికి, నోటీసిచ్చే అధికారం ఇంకొకరికి. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ వచ్చింది. తనిఖీ చేసే అధికారే ఇక పరిశ్రమలకు సలహాలిచ్చే ఫెసిలిటేటర్ కూడా. ఎక్కడికి తనిఖీకి వెళ్లాలో కంప్యూటర్ లాటరీ చెబుతుంది. బయటి కన్ను పలచబడుతున్నప్పుడు పొరుగువాడి కన్నే మిగులుతుంది.

ఆ పొరుగువాడు అడగాల్సినవి పెద్ద సాంకేతిక విషయాలేమీ కావు. ఏ ట్యాంకులో ఏముంది, ఎంతుంది. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలి, గాలి ఊరివైపు తిరిగితే ఎటు. ఫైరింజన్ ఎక్కణ్నుంచి, ఎంతసేపట్లో వస్తుంది. రాత్రి షిఫ్టులో సైరన్ మోగించే అధికారం ఎవరిది, అతను పై అధికారి ఫోనెత్తేదాకా ఆగాలా. వెంకటాపురంలో ఆవిరి లీకైంది తెల్లవారుజాము మూడు గంటల వేళ గనక ఈ ఆఖరి ప్రశ్నకు కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు తీసుకోవాలి.

వీటికోసం ధర్నా దాకా వెళ్లక్కర్లేదు. పది రూపాయల ఫీజుతో కలెక్టరేట్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, స్థానిక బృందం గత ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది, మినిట్స్ ఏవి, డ్రిల్ నివేదికలేవి అని అడగొచ్చు. సమావేశాలే జరగలేదన్న జవాబొస్తే అదీ హైకోర్టులోనో హరిత ట్రిబ్యునల్‌లోనో పనికొచ్చే కాగితమే.