నిలిచిన లారీకిని కాగితము కావలెను

మహానంది కోనేటినుండి పొర్లివచ్చు నీటితో తడియు మాగాణులలో అరటితోటలకు కొదువ లేదు. గెల కోయుట నాలుగు దినములు ఆలస్యమైనచో ధర తప్పును. కోసిన గెల దారిలో రెండు దినములు నిలిచినచో సరకే చెడును. కావున మన రైతునకు నీరెంత ముఖ్యమో లారీయు నంత ముఖ్యమైనది. ఈ ప్రాంతమున కొందరు రైతులు సేద్యముతోపాటు ఒక్కొక్క లారీని అప్పుమీద కొని, తమ గెలలను, ఇరుగుపొరుగువారి గెలలను కిరాయికి తోలుచున్నారు. ఇట్టివారు పొలమునకు సంబంధించిన పాసుపుస్తకమును, బ్యాంకి కాగితములను పెట్టెలో భద్రపరతురు గాని, లారీ కాగితములను మాత్రము డ్రైవరునకో, కార్యాలయపు గుమ్మమువద్ద నుండు మధ్యవర్తికో వదలివేయుదురు. దీనివలన కలుగు నష్టమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచినాము.

కొన్నియేండ్ల క్రిందట మేము కన్నులార చూచిన సంగతి యొకటి కలదు. వేసవి గాలివాన యొకటి వచ్చి, గెలవేసిన చెట్లను ఒక్క రాత్రిలో నేలకూల్చెను. తోలుటకు సరకు లేక ఒక సభ్యుని లారీ ఇంటిముందర వేపచెట్టు క్రింద నిలిచిపోయెను. మేనెల మొదలు సంవత్సరాంతము వరకు అది కదలలేదు. సంక్రాంతి దాటిన తరువాత అయిదుగురు రైతుల గెలలు నింపుకొని బయలుదేరగా, తనిఖీవారు దారిలో నిలిపి, రెండు త్రైమాసికముల పన్ను బాకీయున్నదని చెప్పిరి. యజమాని పరుగెత్తుకొని పోయి, "నిలిచిన బండి ఏ రోడ్డు నరగదీసిందయ్యా?" అని అడిగెను. "నిలిచిందని మాకు ముందుగా ఎవరు రాసిచ్చారు?" అని ఆ యుద్యోగి బదులు చెప్పెను. బాకీయు, దానిపై జరిమానాయు కట్టి లారీని విడిపించుకొనుసరికి మూడవ దినమైనది. అప్పటికి గెలలు టార్పాలిను క్రిందనే మాగి పసుపెక్కినవి. వచ్చినకాడికి వాటిని అమ్ముకొని రైతులు ఇండ్లకు మరలిరి. వారిలో ఒకడు కౌలుదారుడు. ఆ యేటి కౌలు అతడు ఆ గెలలమీదనే ఇయ్యవలసియుండెను.

ఆ ఇరువురి మాటలలో దేనిని తప్పుపట్టుదుము? రైతు చెప్పినది న్యాయము. ఉద్యోగి చెప్పినది విధి. ఈ రెంటి నడుమ ఒక్క కాగితము లోపించినది.

మోటారు బండ్లపై పన్ను మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. కర్నూలు మండలము మద్రాసు రాజధానిలో ఉన్నపుడే, 1931లో, ఇట్టి చట్టమొకటి యేర్పడినది. ఇప్పుడు అమలునందున్నది 1963వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల పన్ను చట్టము. దాని ప్రకారము పన్ను, బండి తిరిగిన మైళ్లను లెక్కించి వేయునది కాదు. బహిరంగ స్థలమున నడచుచున్న బండికిని, నడపుటకై యుంచిన బండికిని పన్ను కలదు. త్రైమాసికపు పన్ను ముందుగా చెల్లింపవలెను. జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలతో ఒక్కొక్క త్రైమాసికము మొదలగును. బండిని కొంతకాలము నిలుపదలచినవాడు, ఆ త్రైమాసికము ప్రారంభమగుటకు ముందే ఆ సంగతి అధికారులకు వ్రాసి తెలుపవలెనని 12-ఎ నిబంధన చెప్పుచున్నది. తెలుపని యెడల బండి వాడుకలోనే యున్నట్లు ఎంతురు. లారీవాండ్లు దీనినే 'స్టాపేజీ పెట్టుట' యందురు. పైని చెప్పిన సభ్యుడు జూన్ నెల ముగియకముందే ఒక యర్జీ యిచ్చి, సెప్టెంబరు నెలాఖరున మరల వ్రాసియుండినచో, అయిదు కుటుంబముల పంట దక్కియుండును.

ఇటీవల సుప్రీంకోర్టువారు ఇచ్చిన తీర్పును చూపి, ఇక అర్జీ అవసరము లేదని కొందరు చెప్పుచున్నారు. ఆ తీర్పేమో తెలిసికొనుట మంచిది. విశాఖపట్నపు ఉక్కు కర్మాగారములో, ప్రహరీ లోపలి సరకుల యార్డునందు, ఒక కంపెనీవారు 36 వాహనములను నడుపుచుండిరి. ఆ బండ్లు బయటి రోడ్డు ఎక్కుటయే లేదు. అయినను పన్ను కట్టించుకొనగా వారు న్యాయస్థానమునకు పోయిరి. హైకోర్టులో ఏక న్యాయమూర్తి వారికి అనుకూలముగను, ధర్మాసనము ప్రతికూలముగను చెప్పిరి. తుదకు 2025 ఆగస్టు 29వ తేదీన సుప్రీంకోర్టు, రోడ్డు పన్ను రోడ్డును వాడుకొనుటకు ప్రతిఫలమువంటిదనియు, ప్రజలకు ప్రవేశములేని ఆవరణలో మాత్రమే తిరుగు బండికి ఆ పన్ను లేదనియు తేల్చి, కట్టిన రూ. 22,71,700 తిరిగి యిప్పించెను.

ఈ తీర్పు మనకును సంతోషకరమే. "నిలిచిన బండి ఏ రోడ్డు నరగదీసింది" అని రైతు అడిగిన ప్రశ్నకు దేశమునందలి పెద్ద న్యాయస్థానము కొంతవరకు తలయూపినట్లయినది. కాని మన వేపచెట్టు ఉక్కు కర్మాగారపు ప్రహరీ కాదు. అది వీధిలో నున్నది. వీధి బహిరంగ స్థలము. అచ్చట నిలిచిన లారీ రేపే కదలవచ్చును. అదియునుగాక, ఆ కంపెనీకి న్యాయవాదులు కలరు, ఓపికతో వేచియుండు స్తోమతు కలదు. గెలలకు అట్టి యోపిక లేదు. కోర్టులో గెలుచు హక్కుకంటె కార్యాలయములో ఇచ్చిన అర్జీ రైతునకు చౌక.

ఈ విధి మన దేశమునందే కలదనుకొనరాదు. అమెరికాలో 55,000 పౌనులు, అంతకుమించి బరువు గల లారీలపై కేంద్ర ప్రభుత్వమువారు ఏటేట ఒక పన్ను విధింతురు. వారి లెక్కలో సంవత్సరము జూలైతో మొదలగును. బండి ఏడాదిలో 5,000 మైళ్లకు మించి తిరుగదనుకొన్నచో పన్ను నిలుపుదల చేయుదురు. వ్యవసాయపు బండికైతే ఆ హద్దు 7,500 మైళ్లు. పంటకాలమున తిరిగి తక్కిన కాలము కొట్టములో నుండు బండిని వారు గుర్తించి వేరు హద్దు పెట్టుట మెచ్చదగినది. కాని, పన్ను లేకపోయినను 2290 సంఖ్య గల పత్రము నింపి పంపుట మాత్రము తప్పదు. రాయితీ రైతునకు ఎచ్చట నున్నను, అది కాగితము వెంటనే వచ్చునుగాని తనంతట తాను రాదు.

కావున మేము సూచించునది యేమన, మన సంఘములో లారీలు గల సభ్యులకై ఒక చిట్టా పెట్టవలెను. ప్రతి బండికి ఒక పుట. అందులో పన్ను చెల్లిన త్రైమాసికము, బీమా గడువు, ఎఫ్.సి. గడువు, పర్మిటు గడువు వ్రాసియుండవలెను. ఎనిమిదేండ్లు నిండనంతవరకు ఎఫ్.సి. రెండేండ్లకును, ఆ పైని ఏటేటను పొందవలెనన్న సంగతి అందరకు జ్ఞాపకముండదు, చిట్టాకు ఉండును. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల మూడవ వారమున గుమాస్తా ఆ చిట్టా తీసి, "రాబోవు మూడు నెలలు బండి తిరుగునా, నిలుచునా?" అని ప్రతి సభ్యుని అడుగవలెను. నిలుచునన్నవారి అర్జీలు వెంటనే పంపి, అందినట్లు రశీదు తీసికొనవలెను. రశీదులేని యర్జీ చెప్పని మాటతో సమానము. హైదరాబాదు 2014 జూన్ 2వ తేదీనుండి పొరుగు రాష్ట్రపు నగరమైనది. మన రాష్ట్రమునకు మాత్రమే చెల్లు పర్మిటుతో అచ్చటికి గెలలు పంపుట ఎంత ప్రమాదమో కూడ ఆ పుటయే చెప్పవలెను.

ఇందుకు సంఘములోనే ఆక్షేపణ కలదు. "లారీ గలవాడు మనకంటె కలిగినవాడు, అతని కాగితములు సంఘమునకేల?" అని కొందరు సభ్యులు మాతో అన్నారు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అందుచేత గుమాస్తా శ్రమకు లారీ సభ్యులే కొంత రుసుము ఇచ్చుట న్యాయము. కాని ఆ దినము మాగిపోయిన గెలలు లారీ యజమానివి కావు. బండి యొకనిది, బరువు పదిమందిది. సంఘము ఎరువును, విత్తనమును చూచుకొని, పంటను మండీకి చేర్చు చక్రమును చూడకపోవుట, కయ్య కట్టి తూము మరచినట్లుండును.

లారీ సోదరులకును ఒక మాట. నిలిపితిమని వ్రాసియిచ్చి, రాత్రివేళ దొంగతనముగా కిరాయికి తోలువారు లేకపోలేదు. అట్టివాడొకడు పట్టుబడినచో, నిజముగా నిలిపిన పదిమంది యర్జీలను కూడ అధికారులు అనుమానముతో చూతురు. నిలిపిన బండిని నిలిపియే యుంచవలెను; మరల తోలదలచినపుడు పన్ను కట్టియే రోడ్డెక్కవలెను. ప్రభుత్వమువారికిని మా మనవి యొకటి కలదు: గాలివాన త్రైమాసికపు తేదీని చూచి రాదు. నడుమ పంట పోయి బండి నిలిచినపుడు, పంటనష్టపు పట్టికను ఆధారముగా గైకొని ఆ నెలల పన్నును విడుచు మార్గమేదైన ఆలోచించుట ధర్మము.

ఆ మార్గము వచ్చువరకు, మన చేతిలో నున్న మార్గము ఒక కాగితము, ఒక రశీదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ చిట్టా విషయమును చర్చకు తెచ్చి, ఈ త్రైమాసికము ముగియకముందే ప్రారంభింతురని సభ్యమహాశయులను ప్రార్థించుచున్నాము.