సంచిలో ఏముందో యంత్రానికి ఎంత తెలుసు?

సికింద్రాబాద్‌లో బట్టల మూట అని బుక్ చేసిన పార్సిల్ ఒకటి రైల్లో బీహార్ దాకా వెళ్లింది. 2021 జూన్ 17న దర్భంగా స్టేషన్లో దించాక ప్లాట్‌ఫాం మీద పేలింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మొదట అందరూ చిన్న పేలుడే కదా అనుకున్నారు. తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ రంగంలోకి దిగింది. హైదరాబాద్‌లో ఇద్దరు అన్నదమ్ముల్ని అరెస్టు చేసి, నడుస్తున్న రైల్లో మంటలు రేపాలన్నదే అసలు పథకమని చెప్పింది. ఇంతా చేసి అందులో ఉన్నదేమిటి? బట్టల మధ్య రసాయనాలు పోసిన ఓ చిన్న సీసా.

ఆ రైల్లో పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఎంతమంది తల్లులు ప్రయాణం చేసి ఉంటారో ఊహించుకోండి. విమానాశ్రయంలో మన హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న కత్తెర కూడా తీయించేస్తారు. మంచిదే. మరి మనం కూర్చున్న బోగీకి రెండు బోగీల అవతల ఉన్న మూటల సంగతేమిటి? వాటిని చూసే యంత్రాలు ఏమేం ఉన్నాయి, ఏది దేన్ని పట్టుకుంటుంది, ఏది దేన్ని వదిలేస్తుంది? ఇదంతా మగవాళ్ల సాంకేతిక విషయమని పేజీ తిప్పేయకండి. వంటింటి భాషలో చెప్పుకుంటే మనకే బాగా అర్థమవుతుంది.

రైల్వే స్టేషన్లలో, మెట్రోలో, పెద్ద షాపింగ్ మాల్స్‌లో మనం సంచి పెట్టే బెల్టు యంత్రం ఎక్స్‌రేది. దాని ముందు కూర్చున్న అమ్మాయి తెర మీద కనిపించేది ఒక రంగుల బొమ్మ. యంత్రం కిరణాల్ని రెండు రకాల శక్తితో పంపి, ఏది ఎంత పీల్చుకుందో చూసి రంగులు వేస్తుంది. తిండి, బట్ట, కాగితం, ప్లాస్టిక్, చెక్క లాంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. ఇనుము, స్టీలు, రాగి నీలం. అల్యూమినియం, గాజు, ఉప్పు లాంటి మధ్యరకాలు ఆకుపచ్చ. కిరణం దూరలేనంత మందంగా ఉంటే నలుపే.

చిక్కంతా ఆ నారింజ రంగులోనే ఉంది. పేలుడు పదార్థాల్లో ఎక్కువ భాగం బొగ్గు, ఉదజని, నత్రజని, ప్రాణవాయువుల కలయికే. మన తిండి కూడా దాదాపు అంతే. అందుకే బెల్లం అచ్చు, కోవా, హల్వా, సబ్బుల కట్ట, చాక్లెట్ పెట్టె ఇవన్నీ తెర మీద అనుమానం పుట్టించే ముద్దల్లాగే ఉంటాయి. "అత్తయ్యగారు పంపిన సున్నుండల డబ్బా ఎందుకు విప్పించారండీ?" అని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోవాలి. ఆ అమ్మాయికి మన సున్నుండల మీద కోపం లేదు. తెర మీద ఆమెకు కనిపించింది గుండ్రటి నారింజ రంగు ముద్దలు, అంతే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాత యంత్రం ఒక్క వైపు నుంచే చూస్తుంది. అన్నం తినే కంచాన్ని పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే గీతలా ఉంటుంది కదా. సంచిలో వస్తువు ఏ భంగిమలో పడి ఉందో దాన్నిబట్టి బొమ్మ మారిపోతుంది. ఒకదాని మీద ఒకటి పడితే కింది వస్తువు పైదాని నీడలో కలిసిపోతుంది. అందుకని పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి రెండు బొమ్మలు తీసే యంత్రాలు వచ్చాయి. ఖర్చు ఎక్కువే గానీ, పెద్ద మూటల విషయంలో రెండు బొమ్మలు లేకుండా ఏమీ చెప్పలేమని నా అభిప్రాయం. బట్టల మూట మధ్యలో సీసానే తీసుకోండి. చుట్టూ అంతా నారింజ రంగే, మధ్యలో కొంచెం ముదురుగా ఓ మచ్చ. ఒక్క బొమ్మలో అది మడత పెట్టిన దుప్పటి అంచు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

పార్సిల్ పెద్దదయ్యే కొద్దీ కిరణానికి బలం చాలదు. చేతిసంచులు చూసే యంత్రం సొరంగం సుమారు అరవై సెంటీమీటర్ల వెడల్పు, నలభై ఎత్తు. పెద్ద సామాన్లకి మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్నవి వాడతారు. సరుకుల దిమ్మెల్ని చూడాలంటే ఇంకా పెద్దవీ, ఇంకా శక్తిమంతమైన కిరణాలవీ కావాలి. ఇల్లు మారుతూ స్టీలు సామాన్ల పెట్టెలో వెట్ గ్రైండర్ రాళ్లు, ఇడ్లీ కుక్కర్, బిందె, అన్నీ కలిపి కట్టేశామనుకోండి. మామూలు యంత్రం తెర మీద అది చాలామటుకు నల్లటి దిమ్మే. నల్లగా కనిపించిన చోట ఏమీ లేదని కాదు, ఏముందో తెలియదని అర్థం. అలాంటప్పుడు పెట్టె విప్పి చూడటం తప్ప వేరే దారి లేదు.

ఇక సీటీ యంత్రం. ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీసినట్టే, కిరణాల గొట్టం సంచి చుట్టూ తిరుగుతూ బొమ్మలు తీస్తుంది. బొప్పాయిని చక్రాలుగా తరిగితే గింజలు ఎక్కడున్నాయో ఒక్కో చక్రంలో తెలిసిపోతుంది చూడండి, అలాగన్నమాట. ఒక్కో వస్తువు సాంద్రత ఎంతో లెక్కగట్టి, అనుమానం ఉంటే తనంతట తానే గంట కొడుతుంది. 1994లో అమెరికా విమానయాన అధికారులు సామాన్లలో పేలుడు పదార్థాలు కనిపెట్టే పరికరంగా మొదట ఆమోదించింది ఇలాంటి యంత్రాన్నే. 2001 దాడుల తర్వాత, 2002 చివరికల్లా విమానంలో వేసే ప్రతి పెట్టెనీ తనిఖీ చేయాలని అక్కడ చట్టం తెచ్చారు.

అయితే ఇది కూడా సర్వరోగ నివారిణి కాదు. బరువు, ధర, కరెంటు ఖర్చు, మరమ్మతులు అన్నీ ఎక్కువే. గుండ్రటి సొరంగంలో పట్టనిది ఏదీ దానికి పనికిరాదు. బ్రిటన్ సంగతే చూడండి. 2006లో ద్రవాలతో విమానాలు పేల్చే కుట్ర బయటపడినప్పటి నుంచి చేతిసంచిలో 100 మిల్లీలీటర్ల నిబంధన ఉంది. కొత్త సీటీ యంత్రాలొచ్చాయి కదా అని టీస్‌సైడ్, లండన్ సిటీ విమానాశ్రయాలు 2023లో దాన్ని ఎత్తేశాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ పాత నిబంధనే అమలు చేయమంది. 2025లో ఎడిన్‌బరోలాంటి చోట్ల మళ్లీ సడలించారు. అంత డబ్బు పోసి కొన్న యంత్రం విషయంలోనే ఇన్ని తర్జనభర్జనలు పడ్డారు.

చూసే యంత్రాలు ఇవైతే, వాసన పట్టేవి వేరే. చిన్న గుడ్డముక్కతో మన సంచి పిడినో, ల్యాప్‌టాప్‌నో తుడిచి ఒక పెట్టెలో పెడతారు, చూశారా? దాన్ని ఈటీడీ అంటారు. గుడ్డ మీద అంటిన రేణువుల్ని వేడిచేసి, అవి ఎంత వేగంతో కదులుతున్నాయో చూసి పదార్థం గుర్తుపడుతుంది. కొన్ని సెకన్లలో జవాబొస్తుంది. కానీ బయట ఏమీ అంటకుండా శుభ్రంగా చుట్టి ఉంటే దానికి ఏమీ తెలియదు. పైగా గ్లిజరిన్ ఉన్న చేతి క్రీములు, గుండె జబ్బుకి వాడే నైట్రోగ్లిజరిన్ మాత్రలు కూడా ఒక్కోసారి గంట కొట్టిస్తాయి. అలా జరిగితే కంగారు పడొద్దు, మందుల చీటీ దగ్గరుంటే చాలు.

కుక్కలకి ఈ యంత్రాలతో పని లేదు. మూటలు గుట్టగా పడి ఉన్న గోడౌనులో వంద పార్సిళ్ల మధ్య తిరుగుతూ వాసన పట్టగలదు శిక్షణ పొందిన లాబ్రడార్. మన హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లోనే పోలీసు జాగిలాలకి శిక్షణ ఇచ్చే అకాడమీ ఉంది. ఎటొచ్చీ కుక్క అలసిపోతుంది, ఎండకి వగరుస్తుంది, కాసేపు పనిచేశాక విశ్రాంతి ఇవ్వాలి. మనుషులూ అంతే. యూరప్ నిబంధనల ప్రకారం తెర ముందు కూర్చున్నవాళ్లు ఏకబిగిన 20 నిమిషాలకి మించి చూడకూడదు. వాళ్లు మెలకువగా ఉన్నారో లేదో తెలుసుకోడానికి మధ్యమధ్యలో యంత్రమే ఉత్తుత్తి తుపాకీ బొమ్మలు చూపిస్తుంది కూడా. మన దగ్గర పండగ రద్దీలో ఆ బెల్టు ముందు కూర్చున్న పిల్లకి ఎన్ని గంటలకోసారి లేచే వీలుంటుందో రైల్వేవాళ్లని అడగాల్సిన ప్రశ్నే.

చరిత్ర చూస్తే యంత్రం ఒక్కటే ఆపిన సందర్భాల కన్నా, యంత్రం ఉన్నా ఆగని సందర్భాలే ఎక్కువ బాధపెడతాయి. 1985 జూన్ 23న కనిష్క విమానంలో 329 మంది పోయారు. బాంబున్న పెట్టె వాంకోవర్‌లో ఎక్కింది, దాన్ని ఇచ్చిన మనిషి మాత్రం ఎక్కలేదు. టొరంటోలో ఆ రోజు ఎక్స్‌రే యంత్రం మధ్యలో చెడిపోతే, మిగతా పెట్టెల్ని చేత్తో పట్టుకునే వాసన పరికరంతో కానిచ్చేశారు. మనిషి ఎక్కకపోతే అతని పెట్టె కూడా దించేయాలన్న నియమానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. దాన్ని పాటించి ఉంటే చాలు.

2010 అక్టోబరులో యెమెన్ నుంచి అమెరికాకి పంపిన రెండు కొరియర్ పార్సిళ్లలో ప్రింటర్లు ఉన్నాయి. సిరా గుళికల్లో పేలుడు పొడి నింపారు. ఇంగ్లండులో మొదటిసారి సోదా చేస్తే ఏమీ దొరకలేదు. సౌదీ నిఘావాళ్లు ముందే ఇచ్చిన సమాచారం వల్లా, దుబాయ్‌లో రెండోది దొరకడం వల్లా మళ్లీ వెతికారు. 2024 జూలైలో లిథువేనియా నుంచి పంపిన పార్సిళ్లు జర్మనీలో లీప్‌జిగ్ దగ్గర, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర కొరియర్ కేంద్రాల్లోనే అంటుకున్నాయి. వాటిలో పైకి కనిపించినవి మసాజ్ దిండ్లు, ముఖానికి రాసుకునే క్రీముల గొట్టాలు. మన ఆన్‌లైన్ ఆర్డర్లలో రోజూ వచ్చేవే కదా!

ఇవన్నీ చూశాక నాకు అనిపించేది ఇది. విమానాశ్రయాల్లో ఇంకో ఖరీదైన యంత్రం పెట్టడం కన్నా, పెద్ద స్టేషన్ల పార్సిల్ ఆఫీసుల్లో రెండు వైపుల నుంచి చూసే ఎక్స్‌రే, దాని పక్కన ఓ ఈటీడీ, వారంలో చెప్పాపెట్టకుండా కొన్ని రోజులు జాగిలాలు, పంపేవాళ్ల గుర్తింపు కార్డు నిజంగా సరిచూడటం, ఇవి ముందు రావాలి. బస్టాండులో పార్సిల్ ఇచ్చినప్పుడు "లోపలేముందమ్మా?" అని అడిగి, మనం చెప్పింది రాసుకుంటారు. బట్టలంటే బట్టలు, పచ్చళ్లంటే పచ్చళ్లు. అన్ని ఊళ్లలో అన్ని యంత్రాలు పెట్టలేరు, నిజమే. అనుమానం వచ్చినవాటినైనా, బరువుకీ చెప్పిన వస్తువుకీ పొంతన లేనివాటినైనా విప్పి చూసే ఏర్పాటు ఉండాలిగా.

యంత్రాలన్నీ కలిసి పనిచేస్తే ఎలా ఉంటుందో శబరిమల భక్తుల విషయంలో చూశాం. కొబ్బరికాయని విమానంలో చేతిసంచిలో తీసుకెళ్లనివ్వరు. 2024 అక్టోబరులో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు, ఇరుముడిలో కొబ్బరికాయకి 2025 జనవరి 20 దాకా అనుమతి ఇస్తూ ఎక్స్‌రే, ఈటీడీ, చేత్తో తనిఖీ మూడూ జరగాలని షరతు పెట్టారు. ఎండు కొబ్బరి సంగతి వేరే. దానంతటదే వేడెక్కి అంటుకోగలదని అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల జాబితాలోనే ఉంది. కొబ్బరి చిప్పలు సూట్‌కేసులో సర్దే అమ్మలు గమనించాలి.

అమెరికా వెళ్లేవాళ్లు మరోటి. 2018 జూన్ 30 నుంచి అక్కడికి వెళ్లే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లకి మించి పొడులుంటే విడిగా తనిఖీ చేస్తారు, తేలకపోతే పారేయిస్తారు. కందిపొడి, కారప్పొడి పెద్ద పెట్టెలో వేసేయడమే మేలు. పొడుల్నీ, మందుల్నీ ఈ ఎక్స్‌రే పాడుచేయదు. పసిపిల్లల పాలు కూడా పాడవ్వవు. పిల్లల్ని మాత్రం ఆ బెల్టు దగ్గర ఆడుకోనివ్వకండి.

చివరిగా, ఏ యంత్రానికీ అందనిది ఒకటుంది. "వదినా, మీరెలాగూ వెళ్తున్నారుగా, ఈ పొట్లం మా వాడికి అందించండి" అని అంటించి, టేపు చుట్టేసి తెచ్చిస్తారు. విమానాశ్రయంలో "ఈ సామాను మీరే సర్దారా?" అని అడుగుతారు, మనం తలూపుతాం. మొహమాటం పక్కన పెట్టి, ఇచ్చినవాళ్ల ముందే టేపు విప్పి, ఒక్కొక్కటీ చూసి, మళ్లీ మన చేత్తో సర్దుకోవాలి. వాళ్లు ఏమనుకున్నా సరే.