రోడ్డు మూస్తే చుట్టుదారి.. పంటు ఆగితే దారేది?

అవనిగడ్డ: తుపాను హెచ్చరిక వెలువడిన ప్రతిసారీ బందరు, గుడివాడల నుంచి దివిసీమకు బయలుదేరేవారు ముందుగా ఆరా తీసేది ఏ రోడ్డు తెరిచి ఉందనే. ఎదురుమొండి దీవికి వెళ్లేవారికి అది సగం సమాధానమే. నాగాయలంక మండలం ఏటిమొగ రేవులో పంటు నడుస్తోందో లేదో కూడా తెలియాలి. రోడ్డు సంగతి ఒకరు, రేవు సంగతి మరొకరు చెప్పే పద్ధతి ఉన్నంతకాలం ఈ ప్రయాణం అనిశ్చితమే.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటే వేళ కృష్ణా సహా ఏడు జిల్లాల్లో రాత్రి 8.30 నుంచి మర్నాడు ఉదయం 6 గంటల వరకు వాహనాల రాకపోకలను ప్రభుత్వం నిలిపివేసింది. జాతీయ రహదారులకూ ఆ ఆంక్షలు వర్తించాయి. ప్రాణరక్షణ దృష్ట్యా అది సరైన నిర్ణయమే. అత్యవసర వైద్య సేవలకు మినహాయింపు కూడా ఇచ్చారు. అయితే ఆ మినహాయింపు రోడ్డు వరకే. అంబులెన్సు ఏటిమొగ వరకు రాగలదు. ఏరు దాటి ఎదురుమొండి రోగిని తీసుకురాలేదు.

మూడు దారులు.. ఒకే రేవు

దివిసీమలోకి ప్రధానంగా మూడు దారులున్నాయి. బందరు నుంచి 216వ జాతీయ రహదారిపైన, గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగా వచ్చేవారు మోపిదేవి చేరి, పులిగడ్డ వద్ద ఏరు దాటుతారు. బందరు తీరం వైపు నుంచి ఉల్లిపాలెం-భవానీపురం వారధి కోడూరుకు దగ్గరి దారి. రేపల్లె వైపు వారికి పెనుమూడి-పులిగడ్డ వారధి ఉంది. ఒకటి మూతపడితే మరొకటి ఎంచుకోవచ్చు. ఏ దారిన వచ్చినా ఎదురుమొండికి మాత్రం ఏటిమొగ రేవే గతి. అక్కడ చుట్టుదారి లేదు.

వరద లెక్క వేరు

తుపానుకు ఆకాశం ముందే సూచన ఇస్తుంది. వరద అలా కాదు. ఎగువన కురిసిన వానకు ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పోటెత్తుతుంది. రోడ్డు పొడిగానే ఉన్నా పంటు నడపడం క్షేమం కాదు. ప్రకాశం బ్యారేజీ వద్ద 2009 అక్టోబరులో 11.10 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అక్కడ 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది జారీ చేస్తారు. విజయవాడలో వదిలిన నీరు దివిసీమ చేరడానికి గంటల వ్యవధి పడుతుంది. ఆ వ్యవధే దీవి ప్రజలకు మిగిలే గడువు. మొదటి హెచ్చరిక వినగానే కదిలినవారికి రేవు దొరుకుతుంది, రెండో హెచ్చరిక దాకా ఆగితే దొరకకపోవచ్చు.

కావలసింది ఒకే ప్రకటన

అందుచేత ప్రయాణికులు రేవు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. చివరి పంటు ఎన్ని గంటలకో తెలుసుకున్నాకే ఇంటి నుంచి బయలుదేరడం ఉత్తమం. అధికారులు కూడా రహదారుల మూసివేత ప్రకటనలోనే ఏటిమొగ పంటు నిలిపివేసే వేళను చేర్చాలి. బందరు, పామర్రు, మోపిదేవి కూడళ్లలో ఆ సమాచారం కనిపించాలి. నెలలు నిండిన గర్భిణులను, డయాలసిస్ రోగులను పంటు ఆగకముందే అవనిగడ్డ తరలించాలి. 1977 నవంబరు ఉప్పెన చూసిన ఈ సీమకు ముందస్తు కబురు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఏటిపై వంతెన అందుబాటులోకి వచ్చేదాకా ఆ కబురే దీవికి వారధి.