మేనత్త టీవీలో హరికథ

మా మేనత్త పలమనేరులో ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటినాయి. కొడుకు బెంగళూరులో, మనవరాలు డల్లాస్‌లో. పోయినేడు ఎండాకాలం భారతం హరికథను మా ఇంటర్నెట్ రేడియోలో పెడుతున్నామని చెబితే, "ఫోన్‌లో యాడ నొక్కాల్నో నాకేం తెలుసు నాయినా, టీవీలో వస్తే చెప్పు, వింటా" అనింది.

తిరుపతిలో ఒక గదిలో మైకు, కంప్యూటరు పెట్టుకొని నలుగురం నడిపే రేడియో మాది. శ్రోతల కోసం ఎన్ని తిప్పలు పడ్డామో! హరికథ కోసం చెవి కోసుకునే పెద్దవాళ్లేమో సాయంత్రమైతే టీవీ ముందు కూర్చుని ఉన్నారు. అక్కడికి మేం పోనే లేదు.

టీవీలో రేడియో కొత్త ముచ్చట కాదు. దూరదర్శన్ ఉచిత డిష్‌లో ఆకాశవాణి ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను కలిపి పల్లెలకు తెచ్చింది. గంట హరికథకు సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో 29 ఎంబీ సరిపోతుంది. ఫోన్‌లో చూసే సినిమాతో పోలిస్తే అది లెక్కలోకే రాదు.

కష్టమంతా రిమోట్ దగ్గర. స్టేషన్ పేరు వెతకాలంటే బాణం గుర్తును ఒక్కో అక్షరం మీదికి జరుపుకుంటూ పోవాలి. కంటిచూపు తగ్గిన మనిషికి అది అయ్యే పనేనా? అందుకే టీవీ కోసం మేం చేసిన యాప్‌లో మెనూలన్నీ తీసేశాం. తెరవగానే పాట మొదలవుతుంది. నల్లటి తెర మీద కథకుడి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటుంది, అంతే. స్టేషన్ పేరును తెలుగులోనూ నమోదు చేశాం, రిమోట్‌లో నోటితో అడిగినా దొరకాలని. ఇప్పుడు ఇళ్లలో టీవీకి తగిలించుకునే ఫైర్ స్టిక్‌లు ఎక్కువగా ఆండ్రాయిడ్ పునాది మీద నడిచేవే కాబట్టి, ఆండ్రాయిడ్ టీవీకి చేసిన యాప్ కొద్ది మార్పులతో వాటికీ పనికొచ్చింది. అమెరికాలో ఎక్కువగా వాడే రోకు టీవీ పరికరాలకు మాత్రం వేరే భాషలో మళ్లీ రాయాలి.

ఈ శ్రమంతా భారతం కోసమే అన్నా తప్పులేదు. చిత్తూరు పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, దుర్యోధనుడు పడే రోజు ఊరు ఊరంతా అక్కడే. బతుకుదెరువుకు బెంగళూరు, చెన్నై పోయినవాళ్లందరికీ ఆ రోజుల్లో సెలవు దొరకదు. రాత్రి పదికి ఇక్కడ నాటకం మొదలైతే డల్లాస్‌లో పగలు పదకొండున్నర. ఆదివారమైతే ఇంటిల్లిపాదీ వినొచ్చు.

ఫైబర్‌నెట్ వాళ్లనూ, టీవీ పెట్టెలు అమ్మేవాళ్లనూ నేను అడిగేది ఒక్కటే. మొదటి తెర మీద సినిమాల వరస కింద ఏ జిల్లాలో ఆ జిల్లా రేడియోలకు ఒక్క వరస ఇవ్వండి. ఊరి కేబుల్ చానల్‌కు చోటిచ్చినప్పుడు ఊరి గొంతుకు ఇవ్వడానికేం అడ్డం?

పోయిన నెల పలమనేరు పోయి అత్త టీవీలో యాప్ పెట్టి, రిమోట్‌లో ఏ బటన్ నొక్కాలో దాని మీద ఎర్ర బొట్టు అంటించి వచ్చా. ఈసారి ద్రౌపది పెళ్లి కథ రోజు వీధిలో ఆడోళ్లందర్నీ పిలుస్తానంటోంది. డల్లాస్ మనవరాలు అప్పుడే అడగడం మొదలుపెట్టింది, రోకులో ఎప్పుడొస్తుందని.