మార్చడం కాదు, వెతకడం

పాత కారు మిస్సింగ్ కొడితే చాలా షెడ్లలో ఒకటే మంత్రం. ప్లగ్గులు మార్చు, వైర్లు మార్చు, అప్పటికీ ఆగకపోతే కార్బొరేటర్ మార్చు. మా ఇంట్లో ఉన్న 90ల నాటి మారుతి 800కి కూడా ఇదే జరిగింది. బిల్లు పెరిగింది, మిస్సింగ్ అలాగే ఉంది. నన్నడిగితే అది రిపేరు కాదు, గెస్సింగ్.

మద్దిలపాలెంలో ఒక పెద్దాయన ఏ పార్టూ మార్చలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, రబ్బరు పిడి ప్లయర్‌తో ఒక్కో ప్లగ్ వైరూ పీకి చూశారు. పీకగానే ఇంజన్ ఇంకా కుంటితే ఆ సిలిండర్ బాగున్నట్టే. తేడా ఏమీ లేకపోతే దొంగ అక్కడే. ఉన్నవి మూడే సిలిండర్లు, రెండు నిమిషాల పని. చివరికి దొరికింది డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో సన్నటి పగులు! మనం కోడ్‌లో ఒక్కో ఫంక్షన్ కామెంట్ చేసి బగ్ పట్టడం లాంటిదే ఇది.

అలాగని ఈ టెస్ట్ బట్టీ పడితే సరిపోదు. మాజ్డా ఆర్ఎక్స్-7లో ఉండేది రోటరీ ఇంజన్. సిలిండర్లకు బదులు రెండు రోటర్లు, ఒక్కోదానికి రెండేసి ప్లగ్గులు. ఒక వైరు పీకినా రెండోది మండిస్తూనే ఉంటుంది. అక్కడ కంప్రెషన్ చూడాలి. రోటర్‌కి మూడు ముఖాలు కాబట్టి మూడు రీడింగులు. పక్కపక్క రెండు తగ్గితే, వాటి మధ్య మూలలో ఉన్న అపెక్స్ సీల్ మీద అనుమానం. ఇంజన్ నిర్మాణం తెలిస్తేనే ఈ లెక్క తడుతుంది.

మన వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఒక పాత ఇంజన్ పెట్టి, ఎక్కడో ఒక వైరు లూజ్ చేసి, "కనుక్కోండి" అంటే ఎంత బాగుండును. సీఎస్ఈ వాళ్ళకి కూడా.