పటము గీయు హక్కు ఎవరిది?

ఒక కర్మాగారమునకుగాని, వీధికిగాని, పనిముట్టుకుగాని తొలి రూపము కాగితముపై ఏర్పడును. ఆ కాగితమునొద్ద కూర్చుండువారు కొందరే. అది వస్తువై నిలిచిన పిదప దానితో బ్రతుకవలసినవారు వేలు, లక్షలు. ఈ ఉభయుల నడుమనున్న దూరమును నేటి యంత్రవిద్య తగ్గింపగలదా యను ప్రశ్న విశాఖపట్టణమువంటి నగరమునకు వట్టి సిద్ధాంతచర్చ కాదు.

విశాఖ చరిత్రయే ఇందులకు తార్కాణము. 1933లో ఓడరేవు తెరవబడినది. 1948లో సింధియా వారి నౌకానిర్మాణశాలలో కట్టిన 'జల ఉష'ను నెహ్రూ జలప్రవేశము చేయించెను. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశమంతయు ఉద్యమించినది, పలువురు ప్రాణములర్పించిరి. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. కర్మాగారము కావలెనని కోరినవారు ప్రజలు. భూములిచ్చి ఊళ్లు విడిచినవారును ప్రజలే. దాని నక్షా మాత్రము సోవియట్టు నిపుణుల, దస్తూరు కంపెనీ యింజనీర్ల బల్లలపై సిద్ధమైనది. అది ఆ కాలపు పద్ధతి. కొలిమి వేడిమిని నిపుణులే లెక్కింపవలెను, సందేహము లేదు. కాని నిర్వాసితుల కాలనీలో బావి ఎచట నుండవలెనో, మరమ్మత్తునకు వంగువానికి ఎంత చోటు కావలెనో అచట మెలగువారికే ఎక్కువ తెలియును.

ఇట్టి అనుభవజ్ఞానమునకు విలువ కట్టినవారు అన్యదేశములలో కలరు. నార్వేలో 1970 దశకారంభమున కర్మాగారములలో కంప్యూటర్లు ప్రవేశించుచుండగా, ఇనుము, లోహ కార్మికుల సంఘము క్రిస్టెన్ నిగార్డ్ అను శాస్త్రజ్ఞునితో కలిసి వానిని అధ్యయనము గావించినది. యంత్రము వచ్చిన పిదప తగవులాడుటకంటె, ముందే దాని రూపమును గూర్చి మాట్లాడుట మేలని వారి భావము. సామూహిక రూపకల్పన యను పద్ధతికి గల మూలములలో ఇది యొకటి. మన దేశమున 1968 ప్రాంతమున శస్త్రవైద్యుడు పి.కె. సేఠీ, శిల్పి రామచంద్రశర్మ కలిసి జైపూరు పాదమును రూపొందించిరి. పాశ్చాత్యుల కృత్రిమ పాదముతో గొంతుకూర్చుండుటకు, చెప్పులు లేక పొలములో నడచుటకు వీలు లేకపోవుటయే దానికి ప్రేరణ. వైద్యుని శాస్త్రము ఎంత అవసరమో శిల్పి చేతి నేర్పు కూడ అంత అవసరమైనది.

నేటి సాధనములు ఈ కలయికను సులభతరము చేయుచున్నవి. తెరమీది అక్షరములను చదివి వినిపించు 'ఎన్.వి.డి.ఎ.' అను ఉచిత సాధనమును 2006లో ప్రారంభించినవాడు మైకేల్ కరన్ అను అంధ యువకుడు. పిదప జేమ్స్ టెహ్ అను మరియొక అంధుడు ఆయనతో చేరెను. అది తెలుగును కూడ చదువును. విశాఖలోనే 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోనులో వైద్యపరికరములు చేయువారికి ఉమ్మడి ప్రయోగశాలలు, త్రీడీ ముద్రణ వసతి కలవు. సొంతముగా కొనలేని యంత్రమును చిన్న తయారీదారు అచట వాడుకొనగలడు. బీచ్ రోడ్డులో వెలసిన 'ఆల్ ఎబిలిటీస్ పార్కు', అవయవలోపము గల పిల్లలు తక్కిన పిల్లలతో కలిసి ఆడుకొనవలెనను ఆశయముతో నిర్మింపబడినది.

అయినను సాధనమున్నంత మాత్రమున అధికారము పంచబడదు. నగర బృహత్ ప్రణాళిక ముసాయిదాను అంతర్జాలములో నుంచి అభ్యంతరములు కోరినచో అది బహిరంగమైనట్లే లెక్క. కాని జాలారిపేటలో వలలు బాగుచేసికొను స్త్రీకి ఆ రంగుల గీతలు ఏమి తెలుపును? తీరిక, చదువు, మంచి ఫోను గలవారి మాటయే ప్రజాభిప్రాయముగా చెలామణి యగు ప్రమాదము కలదు. పాత గోడను కూల్చిన యంత్రమే క్రొత్త గోడను కట్టవచ్చును.

కనుక మూడు నియమములు ఆవశ్యకములు. పటము తెలుగులో నుండవలెను. చూడలేనివారికి వినికిడి రూపమున, చదువలేనివారికి చేతితో తడవి చూడదగు నమూనాగా లభింపవలెను. వచ్చిన ప్రతి సూచనకు, అంగీకరించినను త్రోసివేసినను, కారణముతో సమాధానమీయవలెను. మూడవది లేనిచో మొదటి రెండును అలంకారములే. దీనివలన ఆలస్యమగునని అధికారులు శంకింపవచ్చును. కాని కాగితముపై గీత మార్చుటకగు వ్యయమెంత, కాంక్రీటు పగులగొట్టుటకగు వ్యయమెంత?

ఈ విద్యకు పాఠశాలయే తొలి మెట్టు. దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. చక్రముల కుర్చీ ఎక్కు వాలుబాటకు ఒక అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు ఉండవలెనని ప్రమాణము. ఒక టేపుతో తమ బడి వాలుబాటను కొలిచి, దానిని వాడు సహాధ్యాయిని అడిగి, క్రొత్త పటము గీయుట ఎనిమిదవ తరగతి వారికైనను సాధ్యమే. అటల్ టింకరింగ్ ప్రయోగశాల గల బడులలో దానికి చిన్న నమూనా కూడ చేయవచ్చును.

1966లో ప్రజలు కర్మాగారమును కోరిరి, సాధించిరి. ఇకమీద కట్టబోవు వాని నక్షాను ముందుగా తమ కన్నులయెదుట విప్పుమని కోరుట ఆ కోరికకు సహజమైన తరువాయి.