ఆర్నెల్లపాటు ఒక కుర్చీ ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,



నేను నంద్యాల జిల్లా అమ్మాయిని. 2021లో బీకాం కంప్యూటర్స్‌లో చేరి 2024లో పూర్తిచేశాను. మొదటి ఉద్యోగం దొరకడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు కర్నూలులో ఒక ఆడిటరు గారి ఆఫీసులో పనిచేస్తున్నాను, జీతం పదమూడు వేలు. ఉద్యోగం వచ్చేసింది కదా, ఇంకా ఈ ఉత్తరం ఎందుకంటారేమో. మా తమ్ముడు బీకాం చదువుతున్నాడు. వాడి ఇంటర్న్‌షిప్ సెమిస్టరు ఇంకా మొదలు కాలేదు. అందుకని రాస్తున్నాను.

2020–21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడు అయ్యాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడు అయ్యాక ఇంకో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరు మొత్తం. ఆ నిర్ణయం సరైనదని నేను మనసారా నమ్ముతున్నాను. మూడేళ్ల కామర్సు చదువులో నిజమైన పద్దు మీద చెయ్యిపెట్టే అవకాశం అదొక్కటే. నా విషయంలో ఆ అవకాశం ఎలా జారిపోయిందో చెబితే, తర్వాత నేను అడగబోయేది మీకు అర్థమవుతుంది.

ముందు బ్యాంకులకు వెళ్లాను. రెండు బ్రాంచీల్లో మేనేజర్లు మర్యాదగానే కూర్చోబెట్టి, పైనుంచి ఆర్డరు లేదమ్మా అన్నారు. ఆడిటర్ల దగ్గరికి వెళ్తే సీఏ చదివే పిల్లలకే చోటు చాలడం లేదన్నారు. సంస్థ పేరు ఇవ్వాల్సిన గడువు మీద పడింది. చివరికి క్లాసులో సగం మందిమి ఒక ఆన్‌లైన్ సంస్థకు తలా పదిహేను వందలు కట్టాం. ఆర్నెల్లు వీడియోలు చూశాం, వీడియో చివర ప్రశ్నలకు టిక్కులు పెట్టాం. రిపోర్టు నమూనా కూడా వాళ్లే పంపారు. పేరు, హాల్‌టికెట్ నంబరు మార్చి ప్రింటు తీసి బైండింగ్ చేయించాం. బంగారు అంచు సర్టిఫికెట్ వచ్చింది. అది చేతికి వచ్చిన రోజు మా అమ్మ దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

మొదటి ఇంటర్వ్యూకి రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్లాను. ఎదురుగా కూర్చున్నావిడ ఒకే ప్రశ్న అడిగింది. ‘కొన్న బిల్లు నీ చేతిలో ఉంది. డబ్బు కట్టేశారు. కానీ 2బీలో ఆ బిల్లు లేదు. క్రెడిట్ తీసుకుంటావా?’ జీఎస్టీ పేపర్లో నాకు ఎనభై రెండు మార్కులు. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) నిర్వచనం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. 2బీ, అంటే అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో తయారయ్యే పట్టిక, దాన్ని మాత్రం నేను కంటితో చూడలేదు. నా మౌనం చూసి ఆవిడ, ‘ఎక్కడైనా ఆరు నెలలు చేసి రా అమ్మా’ అంది. ఆరు నెలలు చేసినట్టు సర్టిఫికెట్ నా ఫైల్లోనే ఉంది. బయటికి తీయడానికి సిగ్గేసింది.

ఆ తర్వాత ఎన్ని చోట్లకు దరఖాస్తు పెట్టానో లెక్క రాసుకోలేదు. ప్రకటన మీద ‘ఫ్రెషర్స్’ అని ఉంటుంది, కిందికి చదివితే ఒకటి రెండేళ్ల అనుభవం కావాలని ఉంటుంది. ఒక కన్సల్టెన్సీ అయితే ఉద్యోగం ఖాయమంటూ ముందుగా డిపాజిట్ అడిగింది. మా నాయన అప్పు తెస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

బ్యాంకు పరీక్షలు రాయలేదా అని అడుగుతారు. మాది నంద్యాల. బ్యాంకు కోచింగుకు ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి హాస్టళ్లలో ఉండే ఊరు. నేనూ రాశాను. క్లర్కు ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలకు అరవై నిమిషాలు: ఇంగ్లీషు 30, అంకగణితం 35, రీజనింగ్ 35. అందులో జమాఖర్చుల ప్రశ్న ఒక్కటీ ఉండదు. ఇంజినీరింగు చదివినవాళ్లు, ఎమ్మెస్సీ చదివినవాళ్లు, మేము అందరం ఒకే వరుసలో పరిగెత్తాలి. అది తప్పని అనను. కామర్సు చదివినందుకు బ్యాంకు గుమ్మం దగ్గర మాకంటూ ఏమీ కలిసిరాదని మాత్రం చెబుతున్నాను. నా స్నేహితురాలు ఇప్పటికి మూడేళ్లుగా రాస్తూనే ఉంది. ఈసారి మెయిన్స్‌లో పోయింది. ఫోన్ చేస్తే ముందు తన వయసు చెబుతుంది, ఇరవై ఎనిమిది దాటితే క్లర్కు పోస్టుకు జనరల్‌లో తలుపు మూసుకుంటుంది కాబట్టి.

మా పెదనాన్న ఆంధ్రా బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పెదనాన్న చేరిన రోజుల్లో డిగ్రీ కుర్రాడికి లెడ్జరు పోస్టింగు రాకపోతే ఎవరూ ఆశ్చర్యపోయేవాళ్లు కాదట. హెడ్ క్లర్కు పక్కన కూర్చోబెట్టి, రాత్రి పుస్తకాలు కలిసేదాకా ఇంటికి పంపకుండా నేర్పేవాడట. ఇప్పుడు ఆఫీసులో చేరేనాటికే పని వచ్చి ఉండాలంటున్నారు, కాలేజీలో ఏమో పని ఆఫీసులో నేర్చుకుంటారులే అంటున్నారు. ఈ రెండింటి మధ్యలోనే నా పద్నాలుగు నెలలు పోయాయి.

నాకు పని నేర్పింది మా నాయన. ఆయన మా మండలంలో ఒక ఎరువుల కొట్లో గుమాస్తా. చిట్టా, ఆవర్జా చేత్తో రాసిన మనిషి, ట్యాలీ వచ్చాక కళ్లద్దాలు పెట్టుకుని అదీ నేర్చుకున్నాడు. కిందటి వేసవిలో రిటర్నులు చూసే కుర్రాడు మానేస్తే సేటు అడిగాడని నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. జీతం లేదు. మధ్యాహ్నం టీ మాత్రం ఉండేది.

ఆ చిన్న కొట్లో ఎంత చదువుందో నేను ఊహించలేదు. విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, మామూలు పురుగుమందులకు 18 శాతం. ఒకే రైతు ఒకే సంచిలో మూడూ పట్టుకెళ్తాడు. కొట్టు ఫోను బిల్లు మీద కట్టిన పన్నులో విత్తనాల అమ్మకం వాటా మేరకు క్రెడిట్ వదులుకోవాలి. ఇది పుస్తకంలో సూత్రంగా చదివాను, చేసి చూస్తే గానీ బుర్రకెక్కలేదు. బ్యాంకు రికన్సిలియేషన్ అంటే మాకు పరీక్షలో ఐదు తేడాలిస్తారు: ఇచ్చిన చెక్కు బ్యాంకులో పడలేదు, బ్యాంకు చార్జీలు పద్దులో రాయలేదు, ఇలాంటివి. కొట్లో రోజుకు నూటికి పైగా ఫోన్‌పేలు. కొన్ని సేటు ఖాతాలోకి, కొన్ని ఆయన కొడుకు ఖాతాలోకి. రైతు పంపిన డబ్బు మీద రైతు పేరుండదు, వాళ్ల అల్లుడి పేరుంటుంది. ఎవరి అల్లుడు ఎవరో మా నాయనకు తెలుసు. ఆయన చెప్తుంటే నేను పద్దు కలిపేదాన్ని.

2బీ కూడా అక్కడే చూశాను. నెలనెలా రిటర్ను వేసే డీలరు 11లోగా తన అమ్మకాలు ఎక్కిస్తే, 14న మన 2బీ తయారవుతుంది, 20లోగా మనం పన్ను కట్టాలి. ఒక పురుగుమందుల డీలరు మా బిల్లు ఎక్కించడం మరిచిపోయాడు. నలభై వేల పైచిలుకు క్రెడిట్ ఆగిపోయింది. బిల్లు చేతిలో ఉన్నా 2బీలో కనిపించేదాకా తీసుకోకూడదు. హైదరాబాదులో ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఆ డీలరుకు నేనే ఫోన్ చేసి, ఐదుసార్లు చేసి, తర్వాతి నెల ఎక్కించేలా చేశాను. ఫోన్ పెట్టేసరికి మా నాయన తల పైకెత్తకుండానే, ‘ఇంక నువ్వు యాడికైనా పో మా, బతుకుతావు’ అన్నాడు.

మూడు నెలలకు కర్నూలులో ఆడిటరు గారు నన్ను పిలిచారు. సర్టిఫికెట్లు తిరగేయలేదు. ఒక వ్యాపారి 2బీ, కొనుగోళ్ల రిజిస్టరు ముందు పెట్టి గంట టైమిచ్చారు. గంటలో కలిపాను.

నాకు నాయన ఉన్నాడు, ఆయన కూర్చునే కొట్టు ఉంది. కూలికి పోయే ఇంటి పిల్లకు ఎవరున్నారు? మా క్లాసులో అలాంటి వాళ్లే ఎక్కువ. వాళ్లకు ఆ కుర్చీ ఇప్పించగలిగేది మీరే అనిపించి రాస్తున్నాను.

రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీకి యూనియన్ బ్యాంకే కన్వీనరు. రాబోయే సమావేశంలో బీకాం ఇంటర్న్‌ల సంగతి చర్చకు పెట్టించండి. ఒక్కో బ్రాంచికి ఇద్దరు చాలు. ఖాతాదారుల వివరాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. కానీ 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ అయినవాళ్లను ప్రభుత్వ బ్యాంకులు ఇప్పటికే తీసుకుంటున్నాయి. స్టేట్ బ్యాంకు అయితే నెలకు 15,000 స్టైపెండు కూడా ఇస్తోంది. ఏడాది పాటు అప్రెంటిస్‌ను నమ్మే బ్యాంకు, హామీపత్రం రాయించుకుని ఆర్నెల్లు విద్యార్థిని నమ్మలేదా?

బ్యాంకులు ఒప్పుకోకపోయినా మా ఊళ్లో సొసైటీలున్నాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022 జూన్‌లో 2,516 కోట్ల పథకాన్ని ఆమోదించింది, దేశమంతా 63,000 సంఘాలకు. సంఘాల పద్దులు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, పాతవాటితో సరిపోల్చాలి. ఇంతకంటే మంచి పాఠం బీకాం వాళ్లకు ఏముంటుంది? సహకార శాఖతో మీరు ఒక్కసారి మాట్లాడితే చాలు. ఎరువుల కొట్లు, రైసు మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు కూడా ఇంటర్న్‌షిప్ చేయదగ్గ చోట్లేనని కాలేజీలకు చెప్పండి. మా సార్లు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. కంపెనీ లెటర్‌హెడ్ ఉంటేనే ఇంటర్న్‌షిప్ అనుకున్నారు.

ఇంకో మాట. ఆడిటర్ల ఆఫీసుల్లో జూలై నెలాఖరు నుంచి అక్టోబరు దాకా ఊపిరాడదు. సెప్టెంబరు 30 ఆడిట్ రిపోర్టుకు గడువు. కామర్సు పిల్లల ఇంటర్న్‌షిప్‌ను ఆ నెలలకు సరిపోయేలా ఐదో సెమిస్టరులో పెట్టమని కాలేజీలకు చెప్పండి. నేను వెళ్లి అడిగింది ఫిబ్రవరిలో. అదే ఆగస్టులో అడిగి ఉంటే, అవసరం వాళ్లదే కనుక, కూర్చోబెట్టుకునేవాళ్లని ఇప్పుడు ఈ ఆఫీసులో కూర్చున్నాక తెలుస్తోంది.

మార్కులు రిపోర్టు బైండింగుకు కాకుండా పనికి వెయ్యించండి. ఆ పిల్ల ఎన్ని నెలల 2బీలు కలిపింది, ఎన్ని రిటర్నులు తయారుచేసింది, ఏ తప్పు పట్టింది? పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఒక పేజీ రాసి సంతకం పెడితే చాలు. డబ్బు కట్టించుకుని ఇచ్చే ఇంటర్న్‌షిప్ ఏదైనా సరే చెల్లదని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి.

మా తమ్ముడి కాలేజీలో పోయిన వారం పిల్లల్ని పిలిచి, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తారో రాసివ్వమన్నారట. వాడు కాగితం ఇంటికి తెచ్చుకున్నాడు. సంస్థ పేరు అన్నచోట ఇంకా ఖాళీగానే ఉంది. ఇరవై రోజులు గడువుంది.

ఇట్లు,
ఒక బీకాం పట్టభద్రురాలు,
కర్నూలు